సగం నిండిన బండి

ఆ అమ్మాయి గుమ్మంలో అడుగు పెట్టిందంటే చాలు, లాండ్రీలో ఎక్కడి మాటలు అక్కడ ఆగిపోయేవి.

"గడియారం వచ్చింది, చేతులు కదపండర్రా!" అనేది ఇస్త్రీ మిషన్ దగ్గరున్నామె. అంతే, అందరూ దుప్పట్ల మీదికి వంగిపోయేవాళ్ళు.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే చోటది. పని ఎక్కడ వృథా అవుతోందో చెప్పమని యజమాని ఒక సలహా కంపెనీని పిలిపించుకున్నాడు. ఆ కంపెనీ ఈ అమ్మాయిని పంపింది. చేతిలో స్టాప్‌వాచీ, చంకలో నోటుబుక్కు. ఎవరు ఎంతసేపు నిలబడ్డారు, ఎన్ని అడుగులు వేశారు, అన్నీ రాసుకోవాలి. "మా అమ్మాయి పెద్దపెద్దవాళ్ళకే సలహాలు చెబుతుంది" అని వాళ్ళ నాన్న ఊరంతా చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆ సలహాలు ఎలా తయారవుతాయో ఆమె ఆయనకు చెప్పలేదు.

క్యాంటీన్లో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఫోన్లో అక్క, "తిన్నావా? ఎవరితో తిన్నావే?" అంటే, "అందరం కలిసే తిన్నాం" అనేసేది.

మూడో వారంలో బండి బాబాయ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తడి దుప్పట్లను బండిలో వేసి ఇస్త్రీ గదికి తోసే ఇద్దరిలో ఆయనొకడు.

"నేను తుమ్మితే అది కూడా రాస్తావా, అమ్మాయ్?"

"గట్టిగా తుమ్మితే రాస్తాను, బాబాయ్."

ఆయన పొలమారేంత నవ్వాడు. ఆ రోజు నుంచి రోజూ వచ్చేవాడు. కూతురు కొత్తగా పెట్టిన కుట్టుమిషన్ సంగతీ, తన మోకాలి నొప్పీ, అన్నీ చెప్పేవాడు. "ఇవాళ ఒక బాబాయితో తిన్నాను" అని ఆమె అక్కతో మొదటిసారి నిజం చెప్పింది.

ఒకనాడు ఆయన గొంతు తగ్గించాడు. "నీకో రహస్యం చెప్పనా? మా బండి ఎప్పుడైనా నిండుగా చూశావా?"

"లేదు."

"చూడవు. నిండా నింపితే ఒక్కడు చాలు. అందుకని నేనూ మావాడూ సగం సగమే నింపుతాం. పదకొండేళ్ళయింది, పట్టుకున్నవాడు లేడు!"

ఆమెకు నవ్వు ఆగలేదు. ఎన్నాళ్ళకో అలా కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

సాయంత్రంలోగా, విన్నదీ కన్నదీ అంతా కంప్యూటర్లో ఎక్కించాలని వాళ్ళ కంపెనీలో నియమం. ఆమె కూర్చుని అలవాటు కొద్దీ వరసగా ఎక్కించుకుంటూ పోయింది. తుమ్ము గురించి రాయలేదు. బండి గురించి రాసింది. రాస్తున్నప్పుడు అదొక వాక్యం, అంతే.

మర్నాడు పొద్దున వాళ్ళ కంపెనీ మేనేజర్ మొహం వెలిగిపోతోంది. "నెల రోజులుగా వెతుకుతున్నది ఇదేనమ్మా! రిపోర్టులో ఇదే ముందు పెడదాం."

"సార్, అది తీసేయండి. ఆయన భోజనం దగ్గర మాటవరసకి అన్నాడు."

"అబద్ధమా?"

"కాదు సార్."

"మరి?"

మధ్యాహ్నం బాబాయికి తనే చెప్పేద్దామని క్యాంటీన్లో ఎదురు చూసింది. ఆయన వచ్చి కూర్చున్నాడు. ఆయన మోకాలి సంగతి చెబుతుంటే ఊఁ కొట్టింది. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు అలా నాలుగు రోజులు సాగింది. ఐదో రోజు రిపోర్టు యజమాని చేతికి వెళ్ళిపోయింది.

ఆమె అక్కడ ఉండాల్సిన చివరి రోజు బండి ఎదురుగా వచ్చింది. దుప్పట్లు అంచు దాటి పైకి లేచి ఉన్నాయి. వెనక తోస్తున్న మనిషి కనిపించడం లేదు. పక్కకి జరిగి చూస్తే బాబాయే.

"బాబాయ్..."

"మావాణ్ణి తీసేశారు. నన్నుంచారు" అన్నాడాయన, చక్రం వంక చూస్తూ. "ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఎవరు చెప్పారో వాడికి ఒకరు చెప్పాలా? పొద్దున వాళ్ళింటికి వెళితే తలుపు తియ్యలేదు."

"ఆ మాట రిపోర్టులోంచి తీసేయమని అడిగాను, బాబాయ్."

"నువ్వు నీ పని చేశావు. జరుగమ్మా, బరువుగా ఉంది."

ఆమె గోడకి ఒదిగి నిలబడింది. బండి కిర్రుమంటూ ఇస్త్రీ గది దాకా వెళ్ళింది. దారిలో రెండుసార్లు ఆగింది. ఎంతసేపు ఆగిందో ఆమె చూడలేదు.

తరవాతి నెల మందులు పెట్టెల్లో సర్దే గోదాముకి పంపారు. మళ్ళీ అదే స్టాప్‌వాచీ, మళ్ళీ నాలుగు కుర్చీల బల్ల దగ్గర ఒక్కతే. రెండో వారంలో, లేబుళ్ళు అంటించే ఆవిడ అన్నం డబ్బా పట్టుకుని వచ్చి ఎదురుగా కూలబడింది.

"ఏం పిల్లా, ఒక్కదానివే మింగుతున్నావే? మా సూపర్‌వైజర్ కళ్ళు కప్పి మేం చేసే వేషాలు చెబితే పడీ పడీ నవ్వుతావు. విను..."

"వద్దక్కా. నాతో చెప్పకండి."

"అదేంటి?"

"నేను విన్నవన్నీ రాయాలి."

ఆవిడ డబ్బా మూత పెట్టుకుని అవతలి బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ గుసగుసలు, ఆ వెనకే నవ్వులు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఎవరితో తిన్నావే?"

"ఒక్కదాన్నే తిన్నానక్కా" అంది.