వాన బొమ్మ స్టాంపు

పొద్దున పది గొట్టంగనే లింగమూర్తి బోథ్ పోస్టాఫీసు తాళం తీసి, ముద్రల తారీఖు మార్చి, స్టాంపుల ఫైలు బల్ల మీద పెడ్తడు. ఇక్కడి నుంచి పోయే ఉత్తరంతోని దాని మీది బొమ్మ గూడ పోతదని ఊరందరికీ ఎరుకే. నెమలి స్టాంపు అంటిస్తే చేరిన ఇంట్ల నెమలి కూస్తది. పెండ్లి పత్రికలకు అందరూ మల్లెపూలే అడుగుతరు.

దేవవ్వ మాత్రం ఎన్నడూ బొమ్మ చూడలే. గోదావరిఖని బొగ్గుబాయి క్వార్టర్లల్ల ఉండే చెల్లె సారక్కకు మూడు ఉత్తరాలు రాసింది. మూడూ వాపస్ వచ్చినయి. ఫోన్ చేస్తే సారక్క ఎత్తది.

ఆరేండ్ల కింద వాళ్ల బాపు పోయిన రోజు వాగు పొంగి తొవ్వ తెగింది. ఫోన్లు పని చేయలే. రెండో రోజు ఇగ ఆగలేక దహనం చేసిన్రు. సారక్క వచ్చేసరికి వాగు తగ్గి, ఎండ కొడ్తున్నది. "వానట! మా దిక్కు చినుకు లేదు. బాపు మొఖం నన్ను చూడనియ్యద్దనే తొందర పడ్డవ్" అన్నది. మళ్ల గడప తొక్కలే.

నాలుగో ఉత్తరం పట్టుకొని దేవవ్వ అడిగింది: "సారూ, ధర ఒక్కటేనాయె. గిన్ని రకాల బొమ్మలెందుకు?"

"పెద్దోళ్ల యాదికి కొన్ని. దేశంల ఏమేమున్నయో తెల్వాలని కొన్ని. జమ చేసుకునేటోళ్లు కొంటరని గూడ." లింగమూర్తి ఫైలు ఆమె దిక్కు తిప్పిండు. "కని అవ్వా, అందరు చెప్పుకునేది ఒక్కటే కాదు గద. నువ్వేం రాసినవ్?"

"ఆ రోజు వాన వచ్చిందనే రాసిన. అది నమ్మది."

పులి, మగ్గం, డ్యాం బొమ్మలు దాటినంక నల్లమబ్బు కింద నిండుగ పారే వాగు కనవడ్డది. దేవవ్వ వేలు ఆగింది.

"గిది పంపితే దాని ఇల్లు మునుగది గద?"

"మునుగది. తడుస్తది."

దేవవ్వ దాన్ని తన చేతులతోనే అంటించింది.

తర్వాత ఏమైందో సారక్క పక్కింటోళ్లు ఫోన్ల చెప్పంగ దేవవ్వ విన్నది. మండే ఎండల పోస్ట్‌మన్ పోతే సారక్క ఎప్పటిలెక్కనే వద్దన్నది. వాన ఆమెను అడగలే. వాకిట్ల ఎర్రనీళ్లు మోకాళ్ల దాక వచ్చినయి. పక్కింటోళ్లు చెప్పులు తీసి గోడ మీద పెట్టుకున్నరు. నీళ్లు తగ్గేదాక సారక్క అండ్లనే నిలవడి, అప్పుడు కవరు అడిగి తీసుకున్నది.

నాలుగో నాడు బస్సు దిగి అక్క ఇంటికి వచ్చింది. మంచినీళ్లు ఇస్తే తాగలే.

"అక్కా, గంత వాగుల బాపును ఎట్ల మోసిన్రే?"

దేవవ్వ ఆమె పక్కన కూసున్నది. "పాడెకు నలుగురు దొరకలే. ఒక మూల నేనే పట్టిన."

"ఏ భుజం?"

దేవవ్వ చూపెట్టింది. సారక్క అక్కడ చెయ్యి పెట్టి, చానా సేపు తియ్యలే.