టీ చల్లారేలోపు

రుద్రతేజ విలన్ వేషం వేస్తున్నాడని తెలిసిన రోజు మధుసూదన్ అన్నం ముట్టలేదు. ప్రొద్దుటూరులో ఇంటర్ చదివే రోజుల్లోనే ఆ హీరో కటౌట్లకు పాలు పోసి, ఇంట్లో పాలు లేక తన్నులు తిన్నవాడు. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు. పద్నాలుగో అంతస్తులో కూర్చుని ఇరవై ఇద్దరికి ఏటేటా మార్కులు వేస్తాడు. హోదా పెరిగింది గానీ పిచ్చి తగ్గలేదు. ఇరవై ఏళ్లు ఊళ్లను కాపాడిన మనిషి చివరికి రైతుల భూములు కాజేసేవాడు కావడమేమిటని భార్య స్వాతి దగ్గర వాపోయాడు.

"ఆయనకు లేని బాధ మీకెందుకండీ?" అందామె, కంచం ఆయన ముందుకు జరుపుతూ.

మొదటి రోజు మొదటి ఆట చూశాక బాధ కాస్తా ఎగిరిపోయింది. మియాపూర్ థియేటర్లో ఆయన పక్క సీటు ఓదెలుది. ఓదెలు ఆయన టీమ్‌లోనే టెస్టరు. ఆఫీసులో ఎవరికి ఎవరు సార్ అయినా, రుద్రతేజ ముందు ఇద్దరూ ఒకటే బాపతు. సంచెడు కాగితం ముక్కలు చించి తెచ్చేది ఓదెలు, విసిరేది ఇద్దరూ.

సినిమాలో రుద్రతేజ గొంతే పెంచడు. ఒక ముసలి రైతును కూర్చోబెట్టి, తన చేత్తో టీ పోస్తాడు. మనవరాలు ఏం చదువుతోందని అడుగుతాడు. భూమి కాగితం ముందుకు జరిపి, పెన్ను మూత తనే తీసి ఇస్తాడు. "తొందరేం లేదు పెద్దాయనా, టీ చల్లారేలోపు పెట్టు" అంటాడు. ముసలాయన సంతకం పెడతాడు. అంతే, థియేటర్ కప్పు లేచిపోయింది. ఒక ముసలివాడి నోటి దగ్గర కూడు పోతుంటే ఆరువందల మంది ఈలలు వేశారు. మధుసూదన్ కుర్చీ ఎక్కి మరీ వేశాడు. ఓదెలు గుప్పిట్లో కాగితాలు మాత్రం గుప్పిట్లోనే ఉండిపోయాయి. వీడికేమైందని ఒక్క క్షణం అనిపించినా, మధుసూదన్ మళ్లీ తెర వైపు తిరిగాడు.

ఆ సాయంత్రం అభిమానుల గ్రూపులో పద్దెనిమిది పేరాలు రాశాడు. 'అరిచి భయపెట్టడం ఎవడికైనా వచ్చు. ఎదుటివాడి గొయ్యి వాడి చేతే తవ్వించి, పైగా దండం పెట్టించుకోవడం మా రుద్రన్నకే చెల్లింది' అన్న పేరాకు రెండొందల దండాలొచ్చాయి. తర్వాత ఇంకో మూడుసార్లు చూశాడు. టీ పోసే తీరు, పెన్ను మూత తీసేముందు ఆ చిన్న ఆగుడు, అన్నీ అద్దం ముందు సాధన చేశాడు.

"ఆ పోసేదేదో వంటింట్లో పోయండి, నాకు ఒక పని తప్పుతుంది" అంది స్వాతి.

విద్య ఊరికే పోలేదు. నెల తిరక్కుండా హెచ్ఆర్ పెద్ద ప్రశాంతి పిలిచి, ఆయన టీమ్‌లోంచి ఒక తల తగ్గాలంది. ఆ కంపెనీ ఎవరినీ తీసేయదు. అంత మొరటుతనం వాళ్లకు గిట్టదు. మనిషి తనంతట తానే రాజీనామా చేయాలి, కాగితం మీద 'స్వచ్ఛందంగా' అని ఉండాలి. "శుక్రవారంలోగా మీరు ఒక సంతకం తేవాలి. లేకపోతే ఆ లెక్కలో మీ పేరే రాసుకుంటారు పైవాళ్లు" అని నవ్వింది.

మధుసూదన్ రెండు రాత్రులు నిద్ర మానుకుని ఆలోచించి, ఓదెలు పేరు ఇచ్చాడు. వాడు తనవాడు, గొడవ చేయడు. మనవాణ్ణి ముంచినంత సుఖం పరాయివాణ్ణి ముంచడంలో ఉండదు.

శుక్రవారం మధ్యాహ్నం ఓదెలును అద్దాల గదిలోకి పిలిచాడు. ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాస్కులోంచి తన చేత్తో టీ పోశాడు.

"పాప ఏం చదువుతోంది ఓదెలూ?"

ఓదెలు ముఖం వెలిగిపోయింది. "సర్, అచ్చం అన్న లెక్కనే పోస్తున్నరు. జర ఆగుండ్రి, ఫోన్ల తీస్త. గ్రూపుల పెడ్దం."

మధుసూదన్‌కు, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ మెప్పు తియ్యగానే ఉంది. కాగితం జరిపాడు. ఒక్క క్షణం ఆగి, పెన్ను మూత తీశాడు. ఆగుడు బ్రహ్మాండంగా కుదిరింది.

"తొందరేం లేదు. టీ చల్లారేలోపు పెట్టు."

ఓదెలు పకపకా నవ్వి చప్పట్లు కొట్టాడు. నవ్వుతూనే కాగితం చూశాడు. తన పేరు, ఉద్యోగి నంబరు, కింద తేదీ. నవ్వు ఆగిపోయింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నిజమేనా సర్?"

"నీ మంచికే. నీ అంతట నువ్వు పోతే రేపు ఇంకోచోట మంచి పేరుంటుంది."

"మాది ఈ ఊరే సర్. ఈ బిల్డింగు కిందున్న జాగల ఎకరంన్నర మాదే ఉండె. మా నాయినకు గూడ గిట్లనే ఛాయ్ పోసిండ్రు. పిల్లలేం సదువుతున్నరని అడిగిండ్రు. ఛాయ్ తాగినంక కాదంటె ఏం బాగుంటదని సంతకం పెట్టిండు. సచ్చేదాంక గదే చెప్పుకొని ఏడ్సిండు." ఓదెలు కప్పును వెనక్కి నెట్టాడు. "సినిమాల అందరు అన్నను సూసిండ్రు. నేను ఆ ముసలాయననే సూసిన. నేను పెట్ట సర్. తీసెయ్యాల్నంటె, మేమే తీసేసినమని కంపెనీనే రాసియ్యమనుండ్రి."

లేచి వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది. కంపెనీ అలా రాసిచ్చే రకం కాదు గనక, ఓదెలు ఉద్యోగం అక్కడే ఉండిపోయింది.

సోమవారం పొద్దున ప్రశాంతి మధుసూదన్‌ను పిలిచింది.

"కూర్చోండి మధుసూదన్ గారూ. టీ తీసుకోండి."

కాగితం కప్పు, అందులో దారానికి వేలాడుతున్న పొట్లం. ఇదా పోయడం అనుకున్నాడు మధుసూదన్, రెండు గుక్కలు తాగుతూ.

"బాబు ఎన్నో క్లాసు?"

అడుగుతూ గడియారం చూసింది. రుద్రన్న కళ్లలో ఉండే ఆ తడి ఏది? నూటికి ముప్పై వేయడం కూడా దండగ. పెన్నుకైతే మూతే లేదు. మూత లేనిచోట ఆగుడు ఎక్కడి నుంచి వస్తుంది? రుద్రన్న దగ్గర నాలుగు రోజులు శిష్యరికం చేస్తే గానీ ఈవిడకు రాదని జాలిపడుతుండగా, కాగితం ముందుకొచ్చింది. దాని మీద తన పేరుంది.

"మీరే పెడితే గౌరవంగా ఉంటుంది" అందామె.

ఇప్పుడేం చేయాలి? ఇక్కడ ఆ ముసలాయన ఏం చేశాడు? అడ్డం తిరిగి ఒక్క మాటైనా అన్నాడా? తలెత్తి చూశాడా? చేయి వణికిందా? నాలుగుసార్లు చూసిన సినిమా. ఎంత తన్నుకున్నా రుద్రతేజ వేలి ఉంగరం తప్ప ఇంకేదీ గుర్తుకు రాలేదు. ఆ ముసలాయనకు అసలు ముఖం ఉన్నట్టే జ్ఞాపకం లేదు. కప్పులో టీ సగం తాగేసి ఉంది.

ఎక్కడ పెట్టాలో ప్రశాంతి వేలితో చూపించింది. అక్కడే పెట్టాడు.