ఏడో మడుగు దగ్గర బావమరిది

నేను ఒక నైలాన్ తాడును. అరవై మీటర్ల పొడవు, నారింజ రంగు. మిషను మీద నలభై కండెలు తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లల్లా ఒకదాని చుట్టూ ఒకటి పరుగెత్తుతుంటే, ఆ గోలలో పుట్టాను. పుట్టగానే ఇసుక బస్తాలు వేలాడదీసి చూశారు. తెగలేదు. మనుషులకు ఈ పరీక్ష ఎందుకు పెట్టరో నాకు తెలియదు.

నన్ను కొన్నవాడు శశాంక్. హైదరాబాదులో వారమంతా కంప్యూటరు, శని, ఆదివారాలు సాహసం. ఆరు రోజుల శిక్షణ, దానికో సర్టిఫికెట్. ఊరి బయట గుట్టలకు నన్ను వేలాడదీసి, తాను ఫొటోలకు వేలాడేవాడు. ఒకరోజు నల్లమలలో ఏడుమడుగుల వాగు గురించి విన్నాడు. కొండ చీలికలో ఏడు జలపాతాలు, ఒక్కోదాని కింద ఒక్కో మడుగు. తాడు మీద దిగాలి, దూకాలి, ఈదాలి. ఆ వాగును నిన్న గాక మొన్న ఫోనులో చూసిన శశాంక్‌కు అటవీశాఖ అనుమతి కాగితం ఇంటికే వచ్చింది. అక్కడే పుట్టిన చెంచులు అదే కాగితం కోసం మూడుసార్లు తిరగాలి. ఇది న్యాయమా అని తాడును కాబట్టి అడుగుతున్నాను. మనిషినైతే నన్ను కూడా తిప్పేవారు.

తమ్ముడు సుమంత్‌తో కలిసి శశాంక్ వచ్చాడు. దారి చూపడానికి చెంచుపెంట అనే గూడెం నుంచి ఈదన్నను, బరువు మోయడానికి బయ్యన్నను పెట్టుకున్నాడు. బయ్యన్న చెల్లెలు ఈదన్న భార్య, ఇద్దరూ బావాబావమరదులని తెలుసుకున్నాడు గాని, ఏడాదిగా మాటల్లేవని తెలుసుకోలేదు. చెంచుల్లో తేనె కోసం కొండకొమ్ము మీద నుంచి దిగేవాడి తాడు పైన పట్టేది భార్య అన్నో తమ్ముడో. చెల్లెలి తాళి తన చేతిలో ఉంటే ఎవడూ పట్టు వదలడు. నిరుడు తేనెరోజున బయ్యన్న చేతిలో తాడు మూరెడు జారింది. పైకొచ్చిన ఈదన్న పదిమందిలో "నీ చేతుల్ల సత్తువ లేదు" అన్నాడు. అంతే. ఆ ఏడు ఆ ఇంట తేనె లేదు.

ఒక్కో జలపాతం దగ్గర నన్ను చెట్టుకు రెండు పేటలుగా వేసుకుని దిగేవారు. అందరూ దిగాక కింది నుంచి ఒక పేట లాగితే నేను జరజరా వచ్చి పడతాను. ఆ తర్వాత వెనక్కి దారి లేదు. పట్నం మనుషులు ముందు దారి లాగేసుకుంటారు, తర్వాత దారెటని అడుగుతారు.

అట్లా ఆరు మడుగులు దాటి ఏడో జలపాతం అంచుకు చేరాం. రెండంతస్తుల ఎత్తు, కింద నల్లటి నీళ్లు. తాడు కట్టడానికి చెట్టు లేదు. రాతికి మేకు కొట్టే మిషను రెండో మడుగులో మునిగిపోయింది. "ఎడమవైపు దూకితే చాలు, వీడియోలో చూశాను" అన్నాడు శశాంక్.

"మొన్నటి వానకు కింద ఏమొచ్చి పడ్డదో ఎవనికెరుక? ముందు ఒకడు దిగి చూడాలె" అన్నాడు ఈదన్న.

"నువ్వు దిగన్నా, తాడు నేను పడతా. సర్టిఫికెట్ ఉంది."

"నీకు అక్కజెల్లెండ్లు ఉన్నరా సారూ?"

"లేరు."

"ఉన్నా నేను చేసుకోలేదు గద. నేను పడితే నీకేం పోతది?"

"పోనీ నేనే దిగుతా. మా తమ్ముడు పడతాడు."

"సొంత తమ్ముడా? ఆస్తిల పాలున్నోడా?" సుమంత్ ముఖం చూడాల్సిందే.

బయ్యన్న వీపు తిప్పుకుని కూర్చుని, శశాంక్‌తో అన్నాడు: "సారూ, ఆయన్ను అడుగు. నా చేతుల్ల సత్తువ ఉన్నదా లేదా?"

మూడడుగుల దూరంలో ఉన్న బావ కూడా శశాంక్‌కే చెప్పాడు: "సారూ, చెప్పు. ఆ రోజు జారింది నా నోరు. తాడు గాదు."

బయ్యన్న లేచాడు. నన్ను నడుముకు చుట్టుకుని, రాతికి రెండు కాళ్లూ తన్నిపెట్టి కూర్చున్నాడు. ఈదన్న నా కొసను ఒంటికి కట్టుకుని దిగి, నీళ్లలో మునిగాడు. ఎంతకీ తేలలేదు. నేను బిగుసుకుపోయాను. అడుగున పడిన మాను కొమ్మల్లో కాలు ఇరుక్కుంది. ప్రవాహం అతణ్ని లోపలికి ఈడుస్తుంటే నేను బయ్యన్న అరచేతుల్లో జారి చర్మం ఒలిచేశాను. సిగ్గుతో చెబుతున్నాను, తప్పు నాదే. అతను వదల్లేదు. నెత్తురు చేతులతోనే నన్ను ఇంకో చుట్టు మణికట్టుకు తిప్పుకుని వెనక్కి వాలాడు.

"బావా, కాలు గుంజు బావా" అన్నాడు. ఏడాది తర్వాత మొదటి మాట.

ఈదన్న తల తేలింది. రాయి పట్టుకుని చాలాసేపు దగ్గాడు. "ఎడమకు ఎవరూ దూకొద్దు, మాను పడున్నది. కుడికి దూకుండ్రి" అని, పైకి చూసి, "బామ్మర్దీ, నీ చేతులు సూపియ్యి" అన్నాడు.

అందరూ కుడికి దూకారు. సర్టిఫికెట్‌వారు ఈదన్న వెనకాలే ఈదారు.

నా పైతొడుగు చిరిగింది. ఇలాంటి తాడు మీద మనిషి దిగకూడదని శశాంక్ పుస్తకంలో ఉందట. నన్ను చెంచుపెంటలోనే వదిలేశాడు. ఇప్పుడు ఈదన్న ఇంటి ముందు మేక మెడకు ఉండి దాన్ని కాస్తున్నాను. మొన్న తేనెకు పోయారు. ముందు ఈదన్న, వెనక బయ్యన్న. అతని అరచేతుల మచ్చలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. భుజం మీద మాత్రం నేను కాదు, అడవి తీగలతో పేనిన తాడు. నాకు కుళ్లు పుట్టలేదని అబద్ధం ఆడను.