తొంభై ఒక్క కిలోల లోపల

పొద్దున దాణా బస్తాలు తూచేముందు గిడియోన్ తనను తాను తూచుకునేవాడు. శామీర్‌పేట దగ్గర కోళ్లఫారంలో బస్తాలు నింపి లారీకెత్తడం అతని పని. చెప్పులు విప్పి కాంటా ఎక్కి, ఎనభై తొమ్మిదో తొంభయ్యో చూసుకుని దిగేవాడు. సాయంత్రం సైకిల్ మీద మేడ్చల్ వెళ్లి, ద్రాక్షతోట తీసేశాక మిగిలిన రేకుల షెడ్డులో లింగస్వామి సారు దగ్గర బాక్సింగ్ చేసేవాడు.

ఎనిమిదేళ్లుగా రాష్ట్రపోటీల్లో హెవీవెయిట్, అంటే తొంభై ఒక్క కిలోల లోపు, బంగారు పతకం అతనిదే. ఎనిమిదేళ్లుగా ఆ బరువులో పోటీకి వచ్చేదీ అతనొక్కడే. తొంభై కిలోలు తూగేంత తిండి ఉన్న పిల్లలు క్రికెట్‌కి పోయారు. రిఫరీ రింగులో ఒంటరిగా నిలబడ్డ గిడియోన్ చెయ్యి పైకెత్తి పంపించేసేవాడు. ఆ సర్టిఫికెట్లు పట్టుకుని రైల్వే కొలువుకు వెళితే, కొట్లాడని పతకం చెల్లదన్నారు. ఈ ఏడు దాటితే వయసూ దాటిపోతుంది. కొలువొస్తే క్వార్టర్ వస్తుంది. క్వార్టర్ వస్తే మెదక్ హాస్టల్లో ఉన్న తొమ్మిదేళ్ల కూతురు అశ్రితను ఇంటికి తెచ్చుకోవచ్చు. ఫారం గదిలో దాణా దుమ్ముకి పిల్లకు ఊపిరాడక నాలుగేళ్ల కింద అక్కడ చేర్చారు. ప్రతి ఆదివారం ఫోన్లో దగ్గొస్తోందా, స్వెటర్ వేసుకున్నావా, నీళ్లు కాచి ఇస్తున్నారా అని అడగడంతోనే అతనికి సమయం అయిపోయేది. పిల్ల ఏం చెప్పాలనుకుందో వినేవాడు కాదు.

రెండువేల నాలుగులో షెడ్డుకి అభిలాష్ వచ్చాడు. రావల్కోల్‌లో భూములున్నవాళ్ల అబ్బాయి. ఇరవై ఏళ్లు, ఎనభై ఎనిమిది కిలోలు, ఎర్ర మోటార్‌సైకిల్. అతను కుడిచేత్తో ఒక్కటి గుద్దితే ఇసుక సంచి దూలానికి తగిలి వచ్చింది.

"దొరికిండు గిడియోన్, మనిషి దొరికిండు!" అన్నాడు లింగస్వామి సారు. "ఇగ మన హెవీవెయిట్ ఇంకో పదేండ్లు బతుకుతది."

ఎనిమిదేళ్లు దాన్ని ఒంటరిగా బతికించింది ఎవరు సారూ అని గిడియోన్ అడగలేదు. మర్నాడు కాంటా తొంభైన్నర చూపించింది.

ఆ చుట్టుపక్కల ఒకరి మీద ఏడిస్తే ఆ ఏడుపు ఒంట్లో బరువుగా తేలుతుందని అందరికీ తెలుసు. తోడికోడలు కుట్టుమిషన్ కొన్న వారంలోనే పక్కింటి కమలాబాయి కూర్చున్న నులకమంచం తెగింది. అల్లేవాడు వచ్చి, "ఎన్ని కిలోలు పెరిగినవ్ అక్కా?" అని అడిగి, దానికి తగ్గ నులక తెచ్చాడు.

గిడియోన్ అన్నం మానేసి గటక తాగాడు. అయినా తొంభై ఒకటి దాటింది. అభిలాష్ కొత్త బూట్లతో వచ్చిన రోజు రెండొందల గ్రాములు, సారు తన పాత గ్లవ్స్ అతనికిచ్చిన రోజు అరకిలో. అతని భార్య రోజీ అతని చెప్పులు తిప్పి చూసింది.

"మడిమెలు గిట్ల అరిగినయేంది? ఎవని మీద ఏడుస్తున్నవయ్యా?"

"వాడు గెలిస్తే ఇంకో బండి కొంటడు. నేను గెలిస్తే బిడ్డ ఇంటికొస్తది. గంతే తేడా."

"గా తేడా కాంటాకు తెల్వదు," అంది రోజీ.

రోజీకి చెప్పనిది ఒకటుంది. అభిలాష్ కుడిచెయ్యి విసిరే ముందు అతని ఎడమచెయ్యి దవడ దగ్గర్నుంచి రొమ్ము మీదికి జారేది. రెప్పపాటు. ఆ సందులో ఒక్క గుద్దు చాలు. లింగస్వామి సారు కళ్లకి శుక్లాలు, ఆయనకి కనబడదు. గిడియోన్‌కి మొదటి వారంలోనే కనబడింది. మూడు నెలలు దాన్ని ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు.

పోటీ రోజు పొద్దున ఆ బరువులో వచ్చింది ఇద్దరే. అభిలాష్ తూగాడు. గిడియోన్ ఎక్కాడు.

"తొంభై రెండు మీద మూడొందల గ్రాములు," అన్నాడు కాంటా దగ్గరి అధికారి. "గంట టైమిస్తున్న. దిగితే సరి, లేకుంటే ఈ బరువే రద్దు. ఒక్కనికి పతకం ఇచ్చుడు ఈసారి బంద్."

గిడియోన్ రెయిన్‌కోటు వేసుకుని స్టేడియం మెట్లు ఎక్కాడు, దిగాడు. చెమట ధారలు కట్టింది. మళ్లీ తూగితే తొంభై రెండు మీద నాలుగొందలు. మధ్యలో, గోడకానుకుని అరటిపండు తింటున్న అభిలాష్‌ని చూశాడు మరి.

అభిలాష్ తొక్క పారేసి దగ్గరికొచ్చాడు.

"అన్నా, నువ్వు దిగకుంటే నాకు గూడ బౌట్ లేదు."

"ఎరికే."

"గీ బరువు నా మీదనేనా?"

"నీ మీదనే తమ్మీ."

అభిలాష్ తల గోక్కున్నాడు. "నేనేం జెయ్యాలె? పోయి కనబడకుంట కూసోవాల్నా?"

గిడియోన్ మెట్టు మీద కూలబడ్డాడు. గడియారం చూశాడు. మిగిలింది ఇరవై అయిదు నిమిషాలు. అతని దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఒక్కటే, అదీ ఇచ్చేస్తే గెలవడానికి ఏమీ మిగలదు.

"నీ ఎడమచెయ్యి జారుతది," అన్నాడు. "కుడిది ఇసిరే ముంగట. మూడు నెలలసంది చూస్తున్న."

"గిప్పుడు జెప్తున్నవా?"

"గిప్పుడే జెప్తున్న."

వెళ్లి తూగాడు. తొంభై ఒకటి మీద నాలుగొందలు. అధికారి తల అడ్డంగా ఊపాడు.

గిడియోన్ మెట్ల దగ్గరికి తిరిగొచ్చి అభిలాష్ ముందు నిలబడ్డాడు. "ఇసురు. చెయ్యి జారితే కొడత." అభిలాష్ విసిరాడు, జారింది, దవడ మీద దెబ్బ పడింది. మళ్లీ విసిరాడు. మళ్లీ పడింది. "దవడకు అంటించుకో బిడ్డా, ఫోన్ పట్టుకున్నట్టు పట్టుకో!" పద్నాలుగోసారి జారలేదు. పదిహేనోసారీ జారలేదు. గిడియోన్‌కి తెలియకుండానే నోట్లోంచి "శభాష్" అని వచ్చింది.

తొంభై మీద తొమ్మిదొందలు. అధికారి సంతకం పెట్టాడు.

మూడో రౌండులో గిడియోన్ అలవాటుగా ఆ సందు కోసం చూశాడు. ఎడమచెయ్యి దవడకు అంటుకునే ఉంది. కుడిచెయ్యి వచ్చింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి అతని మోకాలు రింగు నేలకి తగిలింది.

బంగారానికి టికెట్ కలెక్టర్ కొలువు, అభిలాష్‌కి. వెండికి ఖలాసీ కొలువు, గిడియోన్‌కి. కొట్లాడిన వెండి గనక చెల్లింది. ఒక్క గది క్వార్టర్.

జూన్‌లో గిడియోన్ మెదక్ వెళ్లాడు. ట్రంకుపెట్టె సర్దుకుని అశ్రిత వార్డెన్ ఎలీషమ్మ నడుము పట్టుకుని ఏడుస్తోంది. తండ్రి వైపు రాలేదు. గిడియోన్ కాళ్ల కింద వరండా బండ అంగుళం దిగింది. ఎలీషమ్మ బండ వంక చూసి, అక్కడే ఇంకో బండ మీద కూర్చుంది.

"జొరం వచ్చే ముందల మాట్లాడదయ్యా," అంది. "చిత్రాన్నంల పల్లీలు ఏరి పక్కకు పెడతది, తిట్టకు. ఉరుమొస్తే నిద్రల లేస్తది గని పిలువదు. నువ్వే చూసుకోవాలె."

వీటిల్లో ఒక్కటీ అతనికి తెలియదు. బండ ఇంకొంచెం దిగింది. గిడియోన్ పక్కకి జరగలేదు. అక్కడే కూర్చుని జేబులోంచి పెన్ను తీసి, కొలువు కాగితం వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మెల్లగ చెప్పుండ్రి అమ్మా," అన్నాడు. "మొదటిసంది."