వెనక సీటు తెడ్డు

నేను ఒక తెడ్డును. కుదురుగా ఉండమని మాత్రం నాతో అనకండి. గోడకు ఆనించి వదిలేస్తే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది.

గోదారి ఒడ్డున పడవలు కట్టే తాతారావు టేకు పలకలోంచి నన్ను చెక్కాడు. చేయించుకున్నది కాకినాడ జోగారావుగారు. కెనూ అనే సన్నని పడవకు పొట్టి తెడ్డు కావాలట. జీవితమంతా నావలకు నిలువెత్తు తెడ్లు చెక్కిన తాతారావు నన్ను తిప్పి తిప్పి చూసి, "ఇది తెడ్డాండీ, అట్లకాడాండీ?" అన్నాడు. అయినా మనసుపెట్టే చేశాడు.

జోగారావుగారికి ఇంట్లో కాలు నిలవదు. సెలవు దొరికితే చాలు, గుడారం, బియ్యం, ఊరగాయ సీసా మూటగట్టి తూర్పు కనుమల అడవుల్లోకి బయలుదేరేవారు. ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు నీటిదారి లేకపోతే కెనూను తలకెత్తుకుని గట్టు దాటేవారు. పడవ మనిషిని మోయాలా, మనిషి పడవను మోయాలా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. చేసుకున్నవారికి చేసుకున్నంత అనుకుని ఊరుకునేదాన్ని.

అంతలో ఆయన గుండెకు స్టెంట్ వేశారు. బరువులెత్తొద్దు, మెల్లగా తిరగొచ్చు అన్నాడు డాక్టరు. ఆయన చెవికి తిరగొచ్చన్న మాట ఒక్కటే ఎక్కింది. ఆయన భార్య శేషారత్నంగారు అంతవరకూ అడవి మొహం చూసి ఎరగరు. ఈసారి ఆవిడే ముందు సంచి సర్దుకున్నారు.

"నేనూ వస్తానండీ. ఒక్కసారి ఆయాసపడ్డారంటే పడవ అమ్మేద్దాం. మళ్ళీ అడవి మాట ఎత్తకూడదు," అన్నారు.

ఆయన తప్పనిసరై సరేనన్నారు.

అడవి మధ్య జలాశయం దగ్గర అక్కడి అటవీ పార్కువాళ్ళే కెనూను నీళ్ళలోకి దించిపెట్టారు. గుడారం వేసుకునే చోటు అవతలి ఒడ్డున ఉంది. కెనూలో ముందు కూర్చున్నవాళ్ళకు వెనక మనిషి కనపడడు. అందుకే ఆయన ఆవిడకు ఇంకో తెడ్డు ఇచ్చి ముందు కూర్చోబెట్టి, నన్ను పట్టుకుని వెనక చేరారు. మొగుళ్ళ తెలివి అంతవరకే పనిచేస్తుంది.

సగం దూరం పోయేసరికి ఎదురుగాలి మొదలైంది. ఆయన అరచేతుల చెమట, సడలుతున్న పట్టు నాకు తెలుస్తూనే ఉన్నాయి. ఆయాసం వినపడకుండా పెదాలు బిగించి, నన్ను ఊరికే నీళ్ళలో ముంచి తీస్తూ లాగుతున్నట్టు నటించారు. నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. కొయ్యముక్కను, ఎలా అరవను?

పడవ మాత్రం అబద్ధమాడదు. కుడివైపు ఆవిడ ఒక్కరే లాగుతుంటే దాని ముక్కు ఎడమకు తిరిగిపోయింది. శేషారత్నంగారు వెనక్కి చూడలేదు. తన తెడ్డును ఎడమవైపుకు మార్చి పడవను దారికి తెచ్చారు, మళ్ళీ కుడికి మార్చారు. అలా ఇద్దరి పనీ ఒక్కరే చేస్తూ చాలా దూరం లాగారు.

"నోరు తెరిచి ఊపిరి పీల్చుకోండి," అన్నారు చివరికి, ముందుకే చూస్తూ. "నేనేం వినడం లేదులెండి."

ఆయన నన్ను ఒళ్ళో పెట్టుకుని గట్టిగా ఊపిరి తీసుకున్నారు. ఎంతసేపటి నుంచి బిగబట్టారో పాపం.

ఒడ్డు చేరి, గుడారం వేసి, అన్నం ఉడుకుతుండగా ఆయనే అన్నారు. "పడవ అమ్మేద్దాం రత్నం. మాటంటే మాటే."

ఆవిడ అరచేతుల్లో బొబ్బలకు కొబ్బరినూనె రాసుకుంటున్నారు. "అమ్మేస్తే నేను దేంట్లో తిరగాలి?" అన్నారు. "రేపు మీరు ముందు కూర్చోండి. ఊరికే కూర్చోండి. వెనక నేనుంటాను."

అప్పటినుంచి నేను ఆవిడ చేతిలో ఉన్నాను. ఆవిడ పట్టు మొరటు, నన్ను రాళ్ళకు తగిలిస్తారు, దారి తప్పితే నన్నే తిడతారు. అయినా అడవులు తిరుగుతూనే ఉన్నాం. పడవ ముందు భాగంలో ఆయన వీపు కనపడుతూ ఉంటుంది. ఆ వీపు ఒకసారి ఊపిరికి లేచి దిగితేగాని ఆవిడ నన్ను నీళ్ళలో ముంచరు.