అడిగిన తీరు

తప్పు జవాబును దిద్దడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే నేను, ప్రశ్నను ఎందుకు దిద్దలేదు?

లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే బల్ల చుట్టూ, పని ముగించుకున్న ఆడవాళ్లకు నేను ఇంగ్లీషు చెబుతాను. ఈ నెల పాఠం ఆసుపత్రిలో మాట్లాడడం. అందరూ పిన్ని అని పిలిచే ఆమె నిన్న ఈ బల్ల దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. ఇవాళ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏం జరిగిందని అడిగాను.

“బీపీ మాత్రలు వేడి చేస్తున్నాయని మానేశాను మాస్టారూ. పోయిన వారం తెలుగు రాని నర్సమ్మ ఇంగ్లీషులో అడిగింది, మాత్రలు వేసుకోవడం లేదా అని. యెస్ అన్నాను. అబద్ధం చెప్పలేదుగా!”

అవును, వేసుకోవడం లేదు అని ఆమె భావం. వేసుకుంటోందని నర్సు రాసుకుంది. వేసుకున్నా తగ్గలేదనుకుని డాక్టరు మోతాదు రెట్టింపు చేశాడు. జబ్బు ముదిరిందని పిన్ని హడలిపోయి, మానేసిన మాత్రలే మొన్నటి నుంచి రెండేసి మింగుతోంది.

“అంటే ఇంగ్లీషులో అవునంటే కాదనా?” అంది పక్కనున్నావిడ. “అయితే మా ఆయనకు పెళ్లినాడే ఇంగ్లీషు వచ్చు!”

అందరూ గొల్లున నవ్వారు. పిన్ని నవ్వలేదు.

“ఇంకాసేపట్లో మాత్రల వేళ. వేసుకోనా, మాననా?”

తరగతి తనిఖీకి వచ్చిన పర్యవేక్షకుడు గడియారం చూసుకున్నాడు. “తెలుగు చాలు మాస్టారూ. పుస్తకంలో ఉన్నది చెప్పండి. ఎల్లుండే పరీక్ష.”

పుస్తకంలోనూ అదే ప్రశ్న ఉంది. ఒక్క మాటలో జవాబు చాలని నేర్పింది నేనే. ఆమె తన భాష నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. మన అవును అడిగినవారి మాటతో ఏకీభవిస్తుంది. ఇంగ్లీషు యెస్ జరిగిన పనిని మాత్రమే చూస్తుంది. ఈ తేడా తెలిసీ చెప్పకపోవడాన్ని అజ్ఞానం అనలేను. బద్ధకం.

“ఆవిడ పరీక్ష ఇవాళే సార్.” పుస్తకం మూశాను. “పిన్నీ, ఎలా అడిగినా సరే, యెస్ వద్దు, నో వద్దు. చేసిందేమిటో చెప్పండి.”

“ఐ స్టాప్... స్టాప్డ్ టాబ్లెట్స్.”

“ఇప్పుడెన్ని?”

“నౌ టూ.” ఈసారి గొంతు పెరిగింది.

“మోతాదు చెప్పాల్సింది డాక్టరు. లేవండి, వెళ్దాం.”

“క్లాసు మధ్యలోనా? పైవాళ్లకు రాయాల్సొస్తుంది!” అన్నాడు పర్యవేక్షకుడు.

“రాయండి. పూర్తి వాక్యాల్లో రాయండి.”

పిన్ని మాత్రల అట్ట కొంగులో ముడేసుకుంది. ఆమె వెనకే మిగతావాళ్లూ చెప్పులేసుకున్నారు. తలుపు తెరిచి, అందరికంటే ముందు నేను వీధిలోకి దిగాను.