పురిటికి వెళ్ళిన దేశం

పొద్దున్నే లేచి దానమ్మ ముందు గాలి ఎటుందో చూసేది. రాత్రికి రాత్రి తమ దేశం ఎటు తిరిగి ఆగిందో చూసుకుని, పొయ్యికి అడ్డంగా తడిక కట్టుకునేది. తుంగలంకలో అందరికీ అదే మొదటి పని.

ఆ రోజుల్లో కొల్లేటి లంకలన్నీ ఎవరి దేశం వాళ్ళవే. ఏలూరు కచ్చేరీలో దొరలు ఇంకోలా అనుకునేవారు, అనుకోనీ. వడ్లలంకలో ధాన్యం పండేది. తుంగలంకవాళ్ళు చేపలు పట్టి, చాపలు అల్లి బతికేవారు. మిగతా దేశాలు ఉన్నచోటే ఉండేవి. తుంగలంక నీళ్ళమీద తిరిగేది. కాబట్టి అక్కడ ప్రభుత్వమంటే పొడుగాటి వెదురు గడ. వారానికో ఇల్లు గడ పట్టి, దేశాన్ని చేపలున్న చోటికి నడిపేది.

మగదిక్కు లేదని దానమ్మ ఇంటి వంతు దాటేసేవారు. దాటేసినప్పుడల్లా పొరుగింటి జగ్గారావు మొహమాటపడి ఓ కొరమీను పంపేవాడు. ఆవిడ పులుసు పెట్టి సగం వాళ్ళింటికే పంపేది.

ధాన్యం ధర పడిపోయిన ఏడు, వడ్లలంకవాళ్ళు బయటి చేపలు వద్దన్నారు. అయితే మా చాపలూ లేవన్నారు వీళ్ళు. చివరికి ఒకరి దేశంలో ఒకరు కాలు పెట్టకూడదని చట్టం చేసుకున్నారు. రెండువైపులా గెలిచామనే అనుకున్నారు. వీళ్ళు గంజి తాగారు, వాళ్ళు కటికనేల మీద పడుకున్నారు.

దానమ్మ కూతురు ప్రభావతి వడ్లలంక కోడలు. తొలి కాన్పుకి పుట్టింటికి రావాలి, రానివ్వలేదు. ఓ ఉదయం వడ్లలంక రేవు కావలి అమీర్ దోనెలో సరిహద్దు దాకా వచ్చి కేకేశాడు.

"అమ్మా, నొప్పులు మొదలయ్యాయండీ. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు."

చుట్టుపక్కల దేశాల్లో అలాంటి కాన్పు తెలిసిన చెయ్యి దానమ్మదే.

ఆ వారం వంతు నిజానికి ఆవిడదే. జగ్గారావు పట్టాడు. గడ గుచ్చి వడ్లలంక వైపు తోశాడు. లంక కదల్లేదు. కుర్రాళ్ళంతా కలిసి తోశారు. కదల్లేదు. అతను గడ తెచ్చి దానమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

"మీ వంతేనండీ అక్కగారూ. లంక మొండికేసింది."

"పొయ్యి మీద పులుసుందిరా."

"నేను చూస్తానండీ."

"చింతపండు ఎక్కువ పొయ్యకు."

ఆవిడ గడ నీళ్ళలో పెట్టగానే తుంగలంక ఇంటిదారి పట్టిన గేదెలా మళ్ళింది. కోళ్ళూ, వలలూ, ప్రార్థనమందిరం గంటా అన్నీ కదిలాయి. ఏకంగా వెళ్ళి అల్లుడి పెరటికి ఆనుకుంది. అమీర్ కర్ర అడ్డం పెట్టాడు.

"కాలు పెట్టకూడదమ్మా, చట్టమండీ."

"నా కాళ్ళు నా దేశంలోనే ఉన్నాయి కదయ్యా. చేతుల సంగతి చట్టంలో ఉందా?"

అమీర్ కర్ర దించాడు.

"లేదండీ."

ప్రభావతి మంచాన్ని గట్టు అంచుదాకా జరిపారు. జగ్గారావు చాపలు అందించాడు.

"ఇవి రానివ్వకూడదండీ," అన్నాడు అమీర్.

"రానివ్వకు, పట్టుకో చాలు," అంది దానమ్మ.

అతను మొహం అటు తిప్పుకుని చాప అడ్డం పట్టుకున్నాడు. గట్టుకి ఇటు నించి దానమ్మ వంగి, బిడ్డని మెల్లగా సర్ది, బయటికి తీసింది. ఆడపిల్ల. కూతురు తల్లి చెయ్యి వదల్లేదు.

"రాలేకపోయానే అమ్మా."

"నేనే వచ్చాగా."

మరుసటి వారం జగ్గారావు వంతు. ఒకసారి గడ గుచ్చి చూశాడు. లంక కదల్లేదు, అతను రెండోసారి తొయ్యలేదు. పిల్లకి మెడ నిలిచేదాకా దేశం అక్కడే ఉంది. ఈలోగా గట్టు మీదుగా, ఎవరూ కాలు పెట్టకుండానే, చేపలు అటూ బియ్యం ఇటూ చేతులు మారాయి.

తర్వాత తుంగలంక మళ్ళీ తిరిగింది. కాకపోతే, గడ ఎవరు పట్టినా సరే, ఆ పెరటికి చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే తిరిగింది.